ఒకే ఒరలో రెండు కత్తులు

కొన్నేళ్ళ క్రితం ఒక ఉగాది వేడుకలో, పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ నడుమ దొరికిన అరగంటలో, పిల్లలకు ఖగోళ విజ్ఞానం గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు నన్ను కోరారు. నేను రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. ఖగోళం నా రంగం కాదు. అయినా ఒప్పుకున్నాను. కృష్ణబిలాలను వర్ణిస్తూ, వాటి నడిమధ్యన పదార్థమంతా ఒక్క బిందువుగా కుంచించుకొనిపోయి అక్కడ సాంద్రత అనంతమవుతుందని ధీమాగా పలికాను. ముందు వరుసలో కూర్చున్న పన్నెండు పదమూడేళ్ళ బాలిక చెయ్యెత్తి, "అంకుల్, అనంతం అని ఎవరు కొలిచారు?" అని అడిగింది.

ఎవరూ కొలవలేదనీ, గణితం అలా చెబుతున్నదనీ సమాధానమిచ్చాను. "మరి ఆ గణితం అంతదాకా పనిచేస్తుందని ఎలా తెలుసు?" అన్నది ఆ అమ్మాయి. భోజనాలకు పిలుపు రావడంతో ఆ పూటకు గట్టెక్కాను గాని, ప్రశ్న మాత్రం నన్ను విడువలేదు. విచారించి చూడగా ఆ పసిపిల్ల అడిగినది నేటి భౌతిక శాస్త్రంలోని అతి పెద్ద చిక్కుముడి అనీ, దానిని ఇదే ప్రశ్నతో కదిపిన పెద్దమనిషి ఒకరు మనం నివసిస్తున్న ఈ న్యూజీలాండు దేశస్థుడే అనీ తెలిసింది. ఆనాడు ఇవ్వలేకపోయిన సమాధానాన్ని ఈ వ్యాసంలో ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.

రెండు సిద్ధాంతాలు, రెండు రాజ్యాలు

ఇరవయ్యవ శతాబ్దపు భౌతిక శాస్త్రం రెండు మూలస్తంభాల మీద నిలిచింది. మొదటిది 1915 నవంబరులో ఐన్‌స్టయిను పూర్తిచేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం. ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతుంది. ఆ వంపు వెంట వస్తువులు కదలడాన్నే మనం గురుత్వాకర్షణ అంటున్నాము. గ్రహాలు, నక్షత్రాలు, పాలపుంతలు ఈ సిద్ధాంతపు ఏలుబడిలో ఉంటాయి.

రెండవది 1925, 1926 సంవత్సరాలలో హైజెన్‌బర్గ్, ష్రోడింగర్ ప్రభృతులు నిర్మించిన క్వాంటం యాంత్రిక శాస్త్రం. దీని ప్రకారం, కొలిచేదాకా ఎలక్ట్రానుకు ఫలానా చోటు అంటూ ఉండదు. అది ఇక్కడ ఉండే అవకాశం ఇంత, అక్కడ ఉండే అవకాశం అంత అని మాత్రమే చెప్పగలం. ఇది విచిత్రంగా తోచినా, అణువుల బంధాలు, లోహాల మెరుపు, కంప్యూటర్లలోని చిప్పులు అన్నీ ఈ శాస్త్రం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఈ రెండూ ఇంతకాలం తగవు లేకుండా ఎలా నెగ్గుకొచ్చాయి? వాటి రాజ్యాలు వేరు కావడమే కారణం. హైడ్రోజను పరమాణువులో ప్రోటానుకూ ఎలక్ట్రానుకూ మధ్య విద్యుదాకర్షణ ఉంది, గురుత్వాకర్షణా ఉంది. మొదటిది రెండవదానికన్నా ఎన్నో రెట్లు బలమైనదో తెలుసుకోవాలంటే 2 అంకె వేసి దాని పక్కన 39 సున్నాలు చుట్టాలి. అందుచేతనే నావంటి రసాయనికుడు జీవితమంతా లెక్కలు కట్టినా అందులో గురుత్వాకర్షణను చేర్చవలసిన అగత్యం రాదు. అటు గ్రహగతులను గణించే వారికి క్వాంటం శాస్త్రంతో పనిపడదు.

కాని ప్రకృతి ఒక్కటే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఈ రెండు సిద్ధాంతాలు ఒకే ఒరలో ఇమడాలా, అక్కర లేదా? ఇమడాలంటే ఏది అడ్డం వస్తున్నది? ఇదీ ప్రశ్న.

కుదిరిన పొత్తు: బంగారం, పాదరసం

ఆ పెద్ద పొత్తు సంగతి అలా ఉండగా, చిన్న పొత్తు ఒకటి ఇదివరకే కుదిరింది. ఐన్‌స్టయిను 1915 కన్నా ముందే, 1905లో, గురుత్వాకర్షణ ప్రసక్తి లేని ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. కాంతివేగానికి చేరువైన వేగాలతో కదిలే వస్తువుల నడవడిని అది చెబుతుంది. 1928లో పాల్ డిరాక్ దానిని క్వాంటం శాస్త్రంతో కలిపి ఎలక్ట్రానుకు ఒక సమీకరణం రాశాడు. ఆ పొత్తు ఎంత చక్కగా కుదిరిందో చూడాలంటే ప్రయోగశాలకు పోనక్కరలేదు; మన ఇళ్ళలోని నగల పెట్టె తెరిస్తే చాలు.

వెండి తెల్లగా ఉంటుంది, బంగారం పసుపు పచ్చగా ఉంటుంది. ఆవర్తన పట్టికలో రెండూ ఒకే నిలువు వరుసకు చెందినవి, ఒకదాని కింద ఒకటి. అయినా రంగు మారడానికి కారణమేమి? బంగారు పరమాణు కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉన్నాయి. అంతటి ఆకర్షణకు లోబడిన లోపలి ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 1,73,000 కిలోమీటర్ల వేగంతో, అనగా కాంతివేగంలో 58 శాతంతో కదలుతాయని స్థూలంగా చెప్పవచ్చు. ఆ వేగం వద్ద ఎలక్ట్రాను 22 శాతం బరువెక్కినట్లు ప్రవర్తిస్తుంది. దాని ఫలితంగా కొన్ని కక్ష్యలు కేంద్రకం వైపు ముడుచుకుంటాయి, మరికొన్ని వెలుపలికి జరుగుతాయి. వాటి మధ్యనున్న శక్తి అంతరం తగ్గిపోయి, బంగారం నీలికాంతిని మింగుతుంది. తక్కిన కాంతిని తిరగగొడుతుంది. అదే మన కంటికి పసిడి వన్నె. వెండిలో ఈ అంతరం పెద్దది కావడంచేత అది కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మాత్రమే మింగి, తెల్లగా మెరుస్తుంది. సాపేక్ష సిద్ధాంతం లేకుంటే మన అమ్మమ్మల గాజులు వెండి గాజుల వలెనే కనబడేవి.

బంగారం పక్క గడిలోనిదే పాదరసం. మన ప్రాచీన రసశాస్త్రంలో 'రసం' అంటే పాదరసమే. లోహమై ఉండి అది ద్రవరూపంలో ఎందుకుంటుందన్న ప్రశ్నకు సాపేక్ష సిద్ధాంతమే కారణం కావచ్చునని రసాయనికులు చాలాకాలంగా అనుమానించారు. 2013లో ఆక్లాండులోని మాసీ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ ష్వెర్ట్‌ఫేగర్, ఎల్కే పాల్ ఐరోపాలోని సహచరులతో కలిసి దానిని లెక్కకట్టి చూపారు. సాపేక్ష ప్రభావాన్ని తీసివేసి లెక్కించగా పాదరసం 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగలేదు. ఆ ప్రభావాన్ని చేర్చగానే కరిగే ఉష్ణోగ్రత 105 డిగ్రీలు పడిపోయి, ప్రయోగంలో తేలిన మైనస్ 39 డిగ్రీలకు దగ్గరగా వచ్చింది. మనం నివసించే ఊరిలోనే జరిగిన ఈ పని మన పిల్లలకు తప్పక చెప్పదగినది.

మన కార్లలోని సీసపు బ్యాటరీ కూడా ఈ కోవకు చెందినదే. దానిలోని ఒక్కొక్క గది ఇచ్చే 2.1 వోల్టులలో 1.7 నుంచి 1.8 వోల్టుల దాకా సాపేక్ష ప్రభావం పుణ్యమేనని 2011లో రాజీవ్ అహూజా, పెక్కా ప్యూకో తదితరులు గణించారు. ఉదయం చలిలో కారు కదిలితే ఐన్‌స్టయినుకూ డిరాక్‌కూ కొంత కృతజ్ఞత చెప్పుకోవచ్చు.

కనుక సాపేక్షతకూ క్వాంటం శాస్త్రానికీ పుట్టుకతో వైరం లేదు. తగవు వచ్చినదల్లా గురుత్వాకర్షణ ప్రవేశించిన పిమ్మటనే.

ఓడ ప్రయాణంలో తేలిన లెక్క

గురుత్వాకర్షణ, క్వాంటం శాస్త్రం ఎదురెదురుగా తలపడడాన్ని తొలినాళ్ళలోనే చూసినవారిలో ఒకరు భారతీయ యువకుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930 జూలై ఆఖరున బొంబాయిలో ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. అప్పటికి వయస్సు 19 ఏళ్ళు. పైచదువులకు పరదేశం పోతూ, ఓడలో కాలక్షేపానికి ఆయన చేసిన లెక్క నక్షత్రాల మరణానికి సంబంధించినది.

ఇంధనం అయిపోయిన నక్షత్రం తన బరువుకు తానే కుంగి శ్వేత కుబ్జ తారగా మారుతుంది. సూర్యుడంత ద్రవ్యరాశి భూమి అంత గోళంలో ఇముడుతుంది. దానిని ఇంకా కుంగకుండా నిలిపేది ఎలక్ట్రాన్లు. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండరాదన్న క్వాంటం నియమం వలన అవి తమను ఇంకా దగ్గరకు అదమడానికి ఎదురు తిరుగుతాయి. అయితే బరువు పెరిగినకొద్దీ ఎలక్ట్రాన్లు కాంతివేగాన్ని సమీపిస్తాయి. అక్కడ సాపేక్ష నియమాలు ప్రవేశించి ఆ ఎదురు ఒత్తిడిని బలహీనపరుస్తాయి. బంగారానికి వన్నె తెచ్చిన సాపేక్షతే ఇక్కడ నక్షత్రాన్ని కూలదోస్తుంది! సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు మించిన శ్వేత కుబ్జ తార నిలువజాలదు. దీనినే చంద్రశేఖర్ అవధి అంటారు. ఆయనకు 1983లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఆ లెక్కలో ఎలక్ట్రాన్లది క్వాంటం నడవడి. గురుత్వాకర్షణ మాత్రం పాత పద్ధతిదే. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి త్రాసులో తూచారే గాని ఒకటిగా కలపలేదు. అవధి దాటిన పిమ్మట కుంగిపోయే నక్షత్రం ఏమవుతుందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

సమీకరణానికి రెండు వైపులు

అసలు ఈ రెండింటిని కలపడంలో కష్టమేమిటి? గురుత్వాకర్షణ క్వాంటం వస్తువుల మీద పనిచేస్తుందా అన్న సందేహం మాత్రం లేదు. 1975లో కొలెల్లా, ఓవర్‌హౌజర్, వెర్నర్ అనే ముగ్గురు అమెరికాలో ఒక న్యూట్రాను తరంగాన్ని రెండు దారులుగా చీల్చి, ఒకదానిని కాస్త ఎత్తుగా నడిపించి, భూమి ఆకర్షణ ఆ తరంగాన్ని ఎంత మార్చిందో కొలిచారు. ఫలితం సిద్ధాంతంతో సరిపోయింది. పరమాణు గడియారం క్వాంటం యంత్రమే. ఎత్తుగా ఉన్న గడియారం వేగంగా నడుస్తుందని ఐన్‌స్టయిను చెప్పగా, 2022లో కొలరాడోలోని శాస్త్రజ్ఞులు ఒక్క మిల్లీమీటరు ఎత్తు తేడాలోనే దానిని పసిగట్టారు. మన ఫోన్లలో దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు భూమి మీది గడియారాలకన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సరిదిద్దకుంటే ఒక్క రోజులోనే కిలోమీటర్ల కొద్దీ దారి తప్పుతాము.

చిక్కు మరోచోట ఉన్నది. ఐన్‌స్టయిను సమీకరణానికి ఎడమవైపు స్థలకాలాల వంపు ఉంటుంది. కుడివైపు పదార్థం ఉంటుంది. పదార్థం ఎక్కడ ఎంత ఉన్నదో చెబితే వంపు ఎక్కడ ఎంతో తెలుస్తుంది. కాని కుడివైపున ఉన్న పదార్థం క్వాంటం పదార్థం. దానికి కొలిచేదాకా నిర్దిష్టమైన చోటు లేదు. ఒక రేణువు ఇక్కడా అక్కడా ఉండగల స్థితిలో ఉన్నప్పుడు, దాని ఆకర్షణ ఎటువైపు లాగుతుంది? ఇటా, అటా, రెండింటి నడిమికా? ఎడమవైపు నిర్దిష్టం, కుడివైపు అనిర్దిష్టం. మధ్యన సమాన చిహ్నం. ఒక ఖాతాలో ఒకవైపు రూపాయలూ మరొకవైపు రూపాయి రావచ్చునన్న ఆశా రాసి, రెండూ సమానమన్నట్లుగా ఉన్నది.

అలాగైతే ఎడమవైపును కూడా క్వాంటం పద్ధతిలో రాస్తే సరిపోదా అని తోచవచ్చు. ఆ ప్రయత్నం జరిగింది. తక్కువ శక్తుల వద్ద ఆ లెక్క బాగానే నడుస్తుంది. శక్తి పెరిగినకొద్దీ అనంతాలు పుట్టుకొస్తాయి. విద్యుత్తు విషయంలోనూ అనంతాలు వచ్చాయి గాని, ఎలక్ట్రాను ఆవేశం, ద్రవ్యరాశి వంటి ఒకటి రెండు విలువలను ప్రయోగం నుంచి గ్రహిస్తే అవన్నీ సర్దుకున్నాయి. గురుత్వాకర్షణలో అలా కుదరదు. రసాయనికుని పరిభాషలో చెప్పాలంటే, ఒక ప్రామాణిక ద్రావణం తయారు చేసుకుంటే ఎన్ని నమూనాలనైనా పరీక్షించవచ్చు. అది విద్యుత్తు కథ. ప్రతి నమూనాకూ ఒక కొత్త ప్రామాణిక ద్రావణం కావాలంటే ఆ ప్రయోగశాల ఏ ఫలితాన్నీ ముందుగా చెప్పలేదు. అది గురుత్వాకర్షణ కథ.

ఈ చిక్కు ముదిరే కొలతను ప్లాంక్ దైర్ఘ్యం అంటారు. అది ప్రోటాను కన్నా పది లక్షల కోట్ల కోట్ల రెట్లు చిన్నది. ఏ యంత్రమూ దాని దరిదాపులకు పోలేదు. స్ట్రింగ్ సిద్ధాంతం, అభయ్ అష్టేకర్ 1986లో వేసిన పునాది మీద ఎదిగిన లూప్ సిద్ధాంతం వంటివి సమాధానం కోసం దశాబ్దాలుగా శ్రమిస్తున్నాయి. ప్రయోగం సాక్ష్యం పలికే దాకా వీటిలో దేనికీ పట్టాభిషేకం లేదు.

కురో పల్లెకారుని గణితం

ఇప్పుడు మన న్యూజీలాండు పెద్దమనిషి వద్దకు వద్దాము. దక్షిణ ద్వీపంలో వైటకీ నది ఒడ్డున కురో అనే చిన్న ఊరు ఉన్నది. 1934 మే 16న అక్కడ రాయ్ కెర్ జన్మించాడు. క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ కళాశాలలో చదివి, కేంబ్రిడ్జిలో డాక్టరేటు పుచ్చుకొని, అమెరికా చేరాడు.

ఐన్‌స్టయిను సమీకరణానికి 1916లో కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ ఒక సమాధానం కనుగొన్నాడు. అది తిరగని గోళానికి మాత్రమే వర్తిస్తుంది. కాని లోకంలో ప్రతి నక్షత్రమూ తన చుట్టూ తాను తిరుగుతూనే ఉంటుంది. తిరిగే వస్తువుకు సమాధానం కావాలని మహామహులు ప్రయత్నించి 47 ఏళ్ళు విఫలులయ్యారు. 1963లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కెర్ దానిని సాధించాడు. ప్రచురించిన పత్రం రెండు పుటలు మించలేదు. ఆ డిసెంబరులో డాలస్‌లో జరిగిన సభలో ఆయన దానిని వివరించగా ఖగోళజ్ఞులు అంతగా చెవిన పెట్టలేదని చెబుతారు. తరువాత కెర్ స్వదేశానికి తిరిగివచ్చి, 1971 నుంచి 1993 దాకా కాంటర్‌బరీలో ఆచార్యుడుగా పనిచేశాడు.

కెర్ గణితం చెప్పేది అత్యంత సరళం. కృష్ణబిలం ఏ నక్షత్రం నుంచి పుట్టినా, అది బంగారంతో చేసినదైనా బొగ్గుతో చేసినదైనా, చివరకు రెండే అంకెలు దానిని వర్ణిస్తాయి: దాని ద్రవ్యరాశి ఎంత, అది ఎంత జోరుగా తిరుగుతున్నది. లెక్కకు మించిన కృష్ణబిలాలను ఈ ఒక్క సమాధానమే ఖచ్చితంగా వర్ణిస్తుందని గ్రహించడం తన శాస్త్ర జీవితమంతటిలోనూ తనను అత్యధికంగా కదిలించిన అనుభవమని చంద్రశేఖర్ 1975లో ఒక ఉపన్యాసంలో చెప్పుకున్నాడు.

ఇది కాగితం మీద మాటగా మిగిలిపోలేదు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను పట్టుకున్నాయి. 2019 ఏప్రిల్‌లో ఎం87 పాలపుంత మధ్యనున్న కృష్ణబిలపు నీడ చిత్రం వెలువడింది. 2025 జనవరి 14న అందిన మరొక తరంగం ఇంకా స్పష్టమైనది. ఢీకొన్న తరువాత పుట్టిన కొత్త కృష్ణబిలం గంటవలె మోగి చల్లారుతుంది. ఆ మోతలోని స్వరాలు కెర్ సమాధానం చెప్పినట్లే ఉన్నాయని తేలింది. నావంటివాడికి ఇది బాగా పరిచయమైన విద్య. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ మన గుంటూరులో వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ఆ ఏటి పరిశీలనల్లో కనబడిన పసుపు గీత నుంచే హీలియం అనే మూలకం సంగతి లోకానికి తెలిసింది. పరమాణువును దాని వర్ణరేఖల చేత గుర్తించినట్లే కృష్ణబిలాన్ని దాని స్వరాల చేత గుర్తిస్తున్నారు.

అనంతం ఎవరు కొలిచారు?

ఇవన్నీ కృష్ణబిలం వెలుపలి సంగతులు. లోపల ఏమున్నది? కెర్ సమాధానాన్ని లోపలిదాకా పొడిగిస్తే, మధ్యన ఒక ఉంగరం వంటి చోట వంపు అనంతమవుతుంది. దీనిని సింగ్యులారిటీ అంటారు. లెక్క తెగిపోయే చోటని అర్థం. 1965లో రోజర్ పెన్‌రోజ్, ఆ పిదప స్టీఫెన్ హాకింగ్ నిరూపించిన సిద్ధాంతాల ప్రకారం కుంగిపోయే నక్షత్రంలో ఇది తప్పదని శాస్త్రలోకం నమ్మింది. పెన్‌రోజ్‌కు 2020లో నోబెల్ బహుమతి దక్కింది. "చూడండి, సాపేక్ష సిద్ధాంతం తన ఓటమిని తానే చెప్పుకుంటున్నది, ఆ అనంతాన్ని తొలగించడానికే క్వాంటం గురుత్వ సిద్ధాంతం కావాలి" అనే వాదం పాఠ్యపుస్తకాలన్నిటా ఎక్కింది. ఉగాదినాడు నేను వల్లించినదీ అదే పాఠం.

2023 డిసెంబరులో, తన 89వ ఏట, రాయ్ కెర్ ఒక పత్రం వెలువరించాడు. కృష్ణబిలాలకు సింగ్యులారిటీలు ఉన్నాయా అన్నదే దాని శీర్షిక. పెన్‌రోజ్, హాకింగ్‌లు నిరూపించినది, లోపలికి పోయిన కొన్ని కాంతికిరణాల దారి ఒక ప్రత్యేకమైన కొలబద్దతో కొలిస్తే పరిమితమైనదని మాత్రమే. దారి పరిమితమైనంత మాత్రాన చివర అనంతం కూర్చుని ఉండనక్కరలేదు. అనంతాన్ని ఢీకొనకుండానే పరిమితంగా ఉండే కిరణాలు తన సమాధానంలోనే ఉన్నాయని ఆయన చూపాడు. నిజమైన కృష్ణబిలం లోపల, కుంగిన నక్షత్రం ఏదో ఒక రూపంలో మిగిలి ఉండవచ్చుననీ, ఉంగరం కేవలం దానికి బదులుగా గణితం పెట్టిన గుర్తు అనీ ఆయన వాదం.

ఈ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. తిరిగే కృష్ణబిలం లోపలి పొర నిలకడ లేనిదనీ, నిజమైన నక్షత్రం కుంగినప్పుడు లోపలి కథ వేరుగా ఉంటుందనీ వాదించేవారున్నారు. తీర్పు చెప్పే యోగ్యత నాకు లేదు. కాని ఒక సంగతి స్పష్టం. అరవై ఏళ్ళ కిందట ఆ సమాధానాన్ని కనుగొన్న మనిషే, దాని నడిమధ్యన ఉన్న అనంతాన్ని మనం అనవసరంగా నిజమని నమ్మామేమోనని అడిగాడు. ఉగాదినాటి బాలిక అడిగినదీ అదే!

ఒకవేళ కెర్ మాటే నిజమైతే క్వాంటం గురుత్వం అక్కరలేనట్లేనా? కాదు. సింగ్యులారిటీ ఉన్నా లేకున్నా, సమీకరణానికి ఎడమవైపు నిర్దిష్టం, కుడివైపు అనిర్దిష్టం అన్న చిక్కు అలాగే ఉంటుంది. అది కృష్ణబిలపు గర్భంలో దాగిన రహస్యం కాదు. మన బల్ల మీది ధూళికణానికి కూడా వర్తించే ప్రశ్న. చిక్కు ఎక్కడ ఉన్నదో సరిగా తెలుసుకుంటే గాని విప్పే దారి తెలియదు.

కృష్ణబిలానికి ఉష్ణోగ్రత

రెండు కత్తులూ ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వ రాలిన చోటు ఒకటి ఉన్నది. తిరిగే కృష్ణబిలం తన భ్రమణశక్తిని వికిరణంగా వదలగలదని 1970లలో మాస్కో శాస్త్రజ్ఞులు జెల్డోవిచ్, స్టారోబిన్‌స్కీ ఊహించారు. ఆ బాటలో లెక్కకట్టిన హాకింగ్, తిరగని కృష్ణబిలం కూడా వికిరణం చేస్తుందనీ, దానికి ఒక ఉష్ణోగ్రత ఉన్నదనీ 1974లో ప్రకటించాడు. సూర్యుడంత బరువైన కృష్ణబిలానికి అది కెల్విన్ డిగ్రీలో సుమారు కోటి అరవై లక్షలవ వంతు. విశ్వమంతటా నిండిన 2.7 డిగ్రీల నేపథ్య వికిరణం ముందు దానిని పసిగట్టడం సాధ్యం కాదు. కనుక ఇదీ ఎవరూ కొలవని సంగతే.

అయినా ఉష్ణోగ్రత అనగానే రసాయనికుడు చెవులు రిక్కిస్తాడు. ఒక్క నీటి అణువుకు ఉష్ణోగ్రత ఉండదు; కోటానుకోట్ల అణువులు కూడితేనే ఆ మాటకు అర్థం వస్తుంది. గురుత్వాకర్షణ కూడా అటువంటి సమష్టి గుణమేమో, స్థలకాలాలకు కూడా మనకు తెలియని 'అణువులు' ఉన్నాయేమోనని కొందరు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఈ దారిలో గాఢమైన కృషి చేసినవారిలో ఒకరు పూణేలోని ఐయూకా సంస్థలో పనిచేసిన తాణు పద్మనాభన్. 2021లో ఆయన మరణం మన దేశానికి తీరని లోటు. ఇది నిజమైతే మనం వెదకవలసినది గురుత్వాకర్షణను క్వాంటం చేసే ఉపాయం కాదు. అది ఏ క్వాంటం వస్తువుల సమష్టి ఫలితమో తెలుసుకోవడం. ఇదీ ఇంకా ఊహ దశలోనే ఉన్నది.

తేల్చవలసినది ప్రయోగమే

ప్లాంక్ దైర్ఘ్యాన్ని చేరుకోలేమని కూర్చోనక్కరలేదు. ఒక వస్తువు రెండు చోట్ల ఉండగల స్థితిలో ఉంటే దాని ఆకర్షణ మాటేమిటని 1957లోనే ఫైన్‌మన్ చాపెల్ హిల్ సమావేశంలో ప్రశ్నించాడు. 2017లో లండనులోని సౌగతో బోస్, ఆయన సహచరులు ఒక బృందంగానూ, ఆక్స్‌ఫర్డులోని మార్లెట్టో, వెద్రాల్ మరొక బృందంగానూ దానికి ప్రయోగరూపం ఇచ్చారు. గ్రాములో పదివేల కోట్లవ వంతు ఉండే రెండు వజ్రపు రేణువులను తీసుకొని, ఒక్కొక్కదానిని ఇక్కడా అక్కడా ఉండగల స్థితిలో పెట్టాలి. గురుత్వాకర్షణ తప్ప మరే బంధమూ లేకుండా వాటిని పక్కపక్కన కాసేపు ఉంచాలి. ఆ తరువాత ఒకదాని స్థితి రెండవదాని స్థితితో క్వాంటం రీతిలో పెనవేసుకొని ఉంటే, మధ్యవర్తి అయిన గురుత్వాకర్షణకు కూడా క్వాంటం స్వభావం ఉన్నట్లే అని వారి వాదం. లేకుంటే మనం కొత్తగా ఆలోచించవలసి ఉంటుంది. ఆ ప్రయోగం చేయడం మహాకష్టం, ఇంకా జరగలేదు. కాని అది ప్రయోగశాల బల్ల మీద పట్టే ప్రయోగం.

ఇటు భారతదేశంలో, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో పరికరం ఒకటి నిర్మించడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఒకప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఆ ప్రాంతం తెలంగాణకు ఎంతో దూరం కాదు. అది పనిచేయనారంభించాక, తరంగాలు ఆకాశంలో ఏ దిక్కు నుంచి వచ్చాయో మరింత ఖచ్చితంగా చెప్పగలుగుతారు. ఈ రెండు రంగాలలో దేనిలోనైనా మన సంతతివారు పాలుపంచుకుంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలంటారు పెద్దలు. సిద్ధాంతం ఎంత సుందరమైనదైనా ప్రయోగం అనే గోడ చేర్పు లేనిదే నిలువదు. బంగారపు వన్నె, పాదరసపు ద్రవత్వం, గడియారాల తేడా, కృష్ణబిలపు మోత మనకు కొలతతో సహా తెలిసినవి. నడిమధ్యన ఉన్న అనంతం లెక్కను పొడిగించి మనం నమ్మినది. ఈ రెండింటినీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో పిల్లలకు చెప్పడం నేను చేసిన పొరపాటు.

ఈ దేశంలో జూలై రాత్రులలో ధనూరాశి మన నడినెత్తికి వస్తుంది. మన ఊళ్ళలో దక్షిణ దిక్కున వాలి కనబడే ఆ రాశి ఇక్కడ తలెత్తి చూస్తే నేరుగా కనబడుతుంది. ఆ దిక్కున, సుమారు 27,000 కాంతి సంవత్సరాల దూరంలో, మన పాలపుంత నడుమ 40 లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉన్నది. దాని లోపల ఏమున్నదో నాకు తెలియదు, అమ్మా. ఇప్పటికి ఎవరికీ తెలియదు. నీవు అడిగిన నాడే నేను ఈ మాట అనవలసింది.